కమిటీ కుర్చీల చోట పద్యం

మా ఆయనకు పద్యాల పిచ్చి. ఈ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. అబ్బాయి ఇంజనీరింగ్ చదివాడు, సిగరెట్టు ముట్టడు, న్యూజిలాండ్ వీసా వచ్చేలా ఉంది అని మాత్రం చెప్పారు. పెళ్లయిన మర్నాడు స్నానాల గదిలోంచి ఒక రాగం బయల్దేరింది. అది ఎంతకీ ఆగకపోయేసరికి మా పిన్ని తలుపు దగ్గరికి వెళ్లి, నీళ్లు మరీ వేడిగా ఉన్నాయా బాబూ అని అడిగింది. అప్పటికి గానీ నాకు విషయం తెలియలేదు.

ఆయనది గుంటూరు జిల్లా. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని పౌరాణిక నాటకాలు చూసిన మనిషి. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని, చివర్లో రాగం సాగదీసి వదిలాక, జనంలోంచి "వన్స్ మోర్" అని కేక పడాలి. పడిందా, పద్యం మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. కథ ఎక్కడున్నా సరే. బాణం తగిలి ప్రాణం వదిలినవాడు కూడా లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడి చచ్చిపోయేవాడట. చప్పట్లు మర్యాదకు కొడతారు గానీ వన్స్ మోర్ మర్యాదకు అనరు అన్నది మా ఆయన సిద్ధాంతం. ఆ మాట ఎవరి నోటినుంచైనా, మనస్ఫూర్తిగా, జీవితంలో ఒక్కసారి వినాలన్నది ఆయన కోరిక. ఇల్లు, కారు, సిటిజన్‌షిప్ అన్నీ వచ్చాయి గానీ ఇదొక్కటీ రాలేదు.

ఇలాంటి కోరిక ఉన్న మనిషి వచ్చి వచ్చి న్యూజిలాండ్‌లో ఈ హామిల్టన్‌లో పడ్డారు. ఇక్కడివి చెక్క ఇళ్లు. మనం పోపు పెడితే పక్కింటి వాళ్లు తుమ్ముతారు, ఇక స్నానాల గదిలో రాగం తీస్తే చెప్పేదేముంది. మేం ఈ ఇంట్లో చేరిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున్నే పక్కింటి కివీ పెద్దావిడ, కివీలంటే ఈ దేశం వాళ్లే, నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని వచ్చి, మీ ఆయనకు దెబ్బ గట్టిగా తగిలిందా, అంబులెన్సుకు ఫోన్ చెయ్యనా అని ఎంతో ఆదుర్దాగా అడిగింది. లేదండీ, పాడుతున్నారు అన్నాను. ఆవిడ కాసేపు చెవి ఒగ్గి విని, నా భుజం తట్టి వెళ్లిపోయింది. ఆ తట్టడంలో ఉన్న సానుభూతి నాకు ఇంకా గుర్తే.

అప్పటినుంచి సాధన కారులోకి మారింది. హామిల్టన్‌లో కొత్తిమీర కట్టకైనా కారు తియ్యాల్సిందే కాబట్టి సాధనకు లోటు లేదు. పాడి రైతులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో ఆయన ఉద్యోగం. ఊరి బయట ఫారాలకు వెళ్లే దారంతా పద్యాలే. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు వింతగా చూస్తే, చెయ్యి చెవికి ఆనించి ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తారు. ఫోన్ పట్టుకుని డ్రైవ్ చేస్తే ఫైన్ వేసే దేశంలో దీనికంటే పద్యం పాడుతున్నానని ఒప్పుకోవడమే చవక అని నేనంటే వినరు. ఫారాల దగ్గర ఆవులు మాత్రం కంచె దాకా వచ్చి వింటాయని మురిసిపోతారు. బండి ఆగితే మేత వచ్చిందనుకుని వస్తాయని నేను చెప్పలేదు. మొగుడికి అన్నీ చెప్పక్కర్లేదు.

ఏడాదికోసారి మా తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో ఆయనకు ఒక పద్యం దక్కేది. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుంటారు. ముందు వరసలో కమిటీ వాళ్ల కుర్చీలు, వెనక అంకుళ్లు, ఆంటీలు, ఆ వెనక భోజనాల బల్లల మీదినుంచి వచ్చే సాంబారు వాసన. మా ఆయన అట్ట కిరీటం, తళుకుల అంగీ, చెక్క కత్తితో వచ్చి మైకు ముందు నిలబడేసరికి ఆ మైకు అయితే కూత పెట్టేది, లేకపోతే మూగబోయేది. ఆయన రాగం అందుకునేసరికి కమిటీలో ఎవరో ఒకరు పక్కన చేరి చేతి గడియారం చూపించేవారు. యుద్ధానికి బయల్దేరిన రాజు ఆ గడియారం చూసి బిక్కమొహం వేసి దిగిపోయేవాడు.

మా అమ్మాయి ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు ఒక ఉగాదికి నేను ఒక ఉపాయం పన్నాను. దాన్నీ, దాని స్నేహితురాళ్లనూ పోగుచేసి, అంకుల్ పాడటం ఆపగానే వన్స్ మోర్ అని అరవండి, ఎదురుగా ఉన్న డైరీలో తలా ఒక ఐస్‌క్రీం కొనిపెడతాను అన్నాను. డైరీ అంటే ఇక్కడ వీధి మూలన ఉండే చిల్లర కొట్టు. ఉపాయం మంచిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను. పద్యం పాడేవాడు రెండో పాదం తర్వాత ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతాడని పిల్లలకు తెలియదు, అంతే. ఆయన ఆగారు. వీళ్లు అరిచారు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి, కిరీటం సర్దుకున్నారు, మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్లీ అక్కడే ఆగారు. వీళ్లు మళ్లీ అరిచారు, ఈసారి ఇంకా గట్టిగా, రెండో ఐస్‌క్రీం మీద ఆశతో కాబోలు. మూడోసారి ఆయన ఎత్తుకోబోతుంటే కమిటీ మైకు కట్టేసింది. ఆ పద్యంలో మూడో పాదం ఒకటుందని హామిల్టన్‌లో ఎవరికీ తెలియదు.

అయినా ఆయన కాళ్లు నేలమీద ఆనలేదు. కార్ పార్కింగ్ దాకా తేలుతూ వచ్చారు. అక్కడికి ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి నా చున్నీ పట్టుకుని, ఆంటీ, మా ఐస్‌క్రీం ఏది అని అడిగింది. ఆయన నా వైపు చూశారు, తర్వాత మా అమ్మాయి వైపు చూశారు. కిరీటం తీసి వెనక సీట్లో పెట్టి, పిల్లలందరికీ తనే ఐస్‌క్రీం కొనిచ్చారు.

ఆ తర్వాత మా ఇంట్లో అదొక ఊతపదమైపోయింది. ఆయన చేసిన ఉప్మా బాగుందంటే, ఐస్‌క్రీం ఎవరు కొంటున్నారు అంటారు. చొక్కా నప్పిందంటే, ఏ ఫ్లేవరు అంటారు. నవ్వుతూనే అంటారు గానీ, పద్యం విషయంలో నా మెచ్చుకోలూ కూతురి మెచ్చుకోలూ ఆయన దగ్గర చెల్లని నోట్లయిపోయాయి.

ఈ ఏడు ఉగాదికి కమిటీలోకి కుర్రవాళ్లు వచ్చారు. మంచి పిల్లలే. సినిమా డాన్సులు ఎక్కువయ్యాయి, పద్యాలకు టైమ్ చాలదు అంకుల్, బదులుగా వోట్ ఆఫ్ థాంక్స్ మీకిస్తాం అన్నారు. ఏటా హాలు దద్దరిల్లేలా పాడాలనుకునే మనిషి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని, కుర్చీలు మడతపెట్టే వాలంటీర్లకు ధన్యవాదాలు చదివి దిగారు. మైకు ఆ రోజు శుభ్రంగా పనిచేసింది. మర్నాడు కిరీటం, అంగీ, కత్తి సంచిలో పెట్టి గరాజ్‌లో గడ్డి కోసే మిషన్ వెనక్కి తోసేశారు. కారులో రేడియో వార్తలు వినడం మొదలుపెట్టారు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడే వినిపించేది. ఆ నిశ్శబ్దం కోసం నేను ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలుసు. తీరా వచ్చాక అది నాకు నచ్చలేదు.

జూలై సెలవుల్లో ఇటలీ వెళ్లాం. అది మా అమ్మాయి పట్టుదల. పదహారేళ్లకే దానికి రోమన్ల గురించి తెలిసినంత మేనత్తల గురించి తెలియదు. ఇక్కడి హైస్కూళ్లలో క్లాసికల్ స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉంది, అందులో గ్రీకులూ రోమన్లూ తప్ప ఇంకెవరూ ఉండరు. మా అమ్మాయికి తెలుగు చాలావరకు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. రోమ్ నగరంలో అందరూ చూసే ఆ పెద్ద గుండ్రటి పాత కట్టడం దగ్గర క్యూ చూసి మా ఆయన, దీనికంటే మన ఊళ్లో సినిమాకు మొదటిరోజు టికెట్లు తేలిగ్గా దొరికేవి అన్నారు. అందుకని మా అమ్మాయి మమ్మల్ని రైల్లో, ఆ తర్వాత బస్సులో ఒక చిన్న ఊరి బయటికి తీసుకెళ్లింది. అక్కడ తవ్వకాల్లో ఒక పాత పట్నం బయటపడిందట, అందులో ఒక చిన్న నాటకశాల ఉందట.

బస్సు దిగిన చోటనే, గేటు పక్కన, గొడుగు కింద ఒక ఐస్‌క్రీం బండి ఉంది. జూలైలో చలికాలం ఉండే హామిల్టన్‌లోంచి వచ్చిన మాకు ఆ ఎండ పెనం మీద నిలబడ్డట్టుంది. మా అమ్మాయి పొద్దున రైల్లో ఉన్నప్పటినుంచీ ఐస్‌క్రీం, ఐస్‌క్రీం అని ప్రాణం తీస్తోంది. చూసి వచ్చాక తిందువులే, ముందు తింటే నీళ్లు అడుగుతావు అన్నాను. మొహం ముడుచుకుని లోపలికి నడిచింది.

నాటకశాల అంటే నేనేదో ఊహించుకున్నాను. తీరా చూస్తే చేటలా పరుచుకున్న రాతి మెట్లు, సగం పగిలిపోయి, సందుల్లో గడ్డి మొలిచి ఉన్నాయి. స్టేజీ ఉండాల్సిన చోట మోకాలెత్తు గోడ ఒకటి మిగిలింది. మెట్లకూ ఆ గోడకూ మధ్య అర్ధచంద్రంలా రాళ్లు పరిచిన నేల. టోపీలు పెట్టుకున్న ఒక ముసలి జంట నీడలో కూర్చుని పళ్లు తింటున్నారు. ఒక కాపలాదారు దూరంగా చెట్టు కింద కునుకుతున్నాడు. ఇంతకంటే మన స్కూలు హాలు నయం కదండీ, పైకప్పైనా ఉంది అన్నాను. మా ఆయన ఆ గోడ వైపే చూస్తున్నారు.

చూసి చూసి గోడ ఎక్కబోయారు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి, పైన కాదు, కింద అర్ధచంద్రం మధ్యలో నిలబడాలని చెప్పింది. అది హార్మోనియం వాయించేవాడు కూర్చునే చోటు కదమ్మా అన్నారాయన. కాదట. రోమన్ల కాలంలో ఊరి పెద్దలు అక్కడ తమ కుర్చీలు వేయించుకుని కూర్చునేవారట, మిగతా జనం మెట్ల మీదట. మా ఆయన ముఖంలో ఉగాది తర్వాత మొదటిసారి ఒక పాత చిరునవ్వు కనిపించింది.

"అంటే కమిటీ వాళ్ల కుర్చీలన్నమాట," అన్నారు.

మీరు పైకెళ్లి ఫొటోలు తీసుకోండి, నాకు మోకాళ్లు నొప్పి అన్నారు. ఆ మోకాళ్లు అంతకుముందు రైలు అందుకోవడానికి పరిగెత్తిన మోకాళ్లే. సరేనని మేమిద్దరం పై వరస దాకా ఎక్కి కూర్చున్నాం. ఎక్కుతుంటే అది నాతో, కింద ఆ మధ్యలో నిలబడి గుసగుసలాడినా ఈ పైన వినిపిస్తుందని వాళ్ల టీచర్ చెప్పిందని అంది. టీచర్లు చాలా చెబుతారు అన్నాను. ఆయనకు ఈ సంగతి చెప్పడం ఇద్దరమూ మరిచిపోయాం.

పైనుంచి చూస్తుంటే ఆయన అటూ ఇటూ చూసి బూట్లు విప్పారు. మన నాటకాల వాళ్లు చెప్పులతో రంగం ఎక్కరు కదా. రాళ్లు కాలుతున్నట్టున్నాయి, ఒక కాలు తర్వాత ఒక కాలు ఎత్తుతూ మధ్యలోకి వెళ్లారు. వంగి, ఆ రాతిని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నారు. కాపలాదారు కళ్లు తెరిచి, ఈయన ఏదో పారేసుకున్నాడనుకుని నేలంతా వెతికే చూపు చూశాడు. అప్పుడు ఆయన, మేం ఎంతో దూరంలో ఉన్నామన్న ధైర్యంతో, తనలో తాను ఒక మాట అనుకున్నారు.

"ఇదే ఆఖరుది నాన్నా. ఇంక ఎవర్నీ విసిగించను."

ఆ మాట నా పక్క సీట్లో కూర్చుని అన్నట్టు వినిపించింది. నాన్నా అన్నది మా అమ్మాయినేమో అనుకున్నాను ఒక్క క్షణం. కాదు, భుజాల మీద కూర్చోబెట్టుకుని నాటకాలు చూపించిన ఆ నాన్నను. మా అమ్మాయి నీళ్ల సీసా మూత తిప్పుతున్నది తిప్పుతున్నట్టే ఆపి నా వైపు చూసింది. విసిగించను అంటే ఏంటి, బోర్ కొట్టించను అనా అని నెమ్మదిగా అడిగింది. అలాంటిదే అన్నాను. నాకు మనసు చివుక్కుమంది. ఆయన్ను ఆటపట్టించే హక్కు నాది, దాన్ని నేను సంతోషంగా వాడుకున్నాను. కానీ తనొక విసుగని ఆయన అనుకుంటున్నారని, అదీ వాళ్ల నాన్నకు క్షమాపణలా చెప్పుకుంటున్నారని నాకు తెలియదు. చాలా బాధేసింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. హార్మోనియం లేదు, కీచురాళ్లే శ్రుతి. రాగం మొదలైంది. మైకు లేదు, కూత లేదు, గడియారం చూపించేవారు లేరు. నేను ఇన్నేళ్లుగా తలుపుల అవతలినుంచీ, కారు అద్దాల వెనకనుంచీ, పాడైన స్పీకర్లలోంచీ విన్న గొంతు అసలు ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. ఒక్కో అక్షరం విడివిడిగా మెట్లెక్కి వచ్చింది. రెండో పాదం తర్వాత ఆయన ఊపిరి కోసం ఆగారు, ఎవరూ అరవలేదు. మూడో పాదం వచ్చింది. అందులో రాజు తన గెలుపు కోసం కాదు, తనను నమ్మి వచ్చిన వాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లాలని వేడుకుంటాడు. ఇన్నాళ్లూ అది కత్తి దూసే పద్యమనే అనుకున్నాను. నాలుగో పాదంలో పై స్థాయికి వెళ్లేసరికి గొంతు కాస్త జారింది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కానీ చివరి రాగం ఆ పగిలిన మెట్లన్నిటినీ చుట్టి వచ్చి, ఆయన దగ్గరికే వెళ్లి ఆగింది.

వన్స్ మోర్ అందామని నోరు తెరిచాను. తెరిచి మూసుకున్నాను. నేనంటే అది ఐస్‌క్రీం మాటే అవుతుంది. ముసలి జంట పళ్లు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. ఆయన వాళ్లకు వంగి నమస్కారం చేశారు, చప్పట్లు మర్యాదకు కొడతారని తెలిసిన మనిషి చేసే నమస్కారం. తర్వాత బూట్ల వైపు నడిచారు.

"వన్స్ మోర్," అంది మా అమ్మాయి.

అరవలేదు. మామూలు గొంతుతోనే అంది, అక్కడ అంతకంటే అక్కర్లేదు. ఆయన బూటు పట్టుకుని వంగినవారు అలాగే లేచి పైకి చూశారు. చూసింది దాన్ని కాదు, నన్ను. పోలీసులు చుట్టుముట్టిన దొంగలా నేను రెండు చేతులూ పైకెత్తాను. ఆయన కిందినుంచే మెల్లగా, మీ అమ్మ చెప్పమందా అని అడిగారు. అది లేచి నిలబడింది. ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల తడుముకుంటూ తెలుగులో అంది.

"అమ్మ ఏం చెప్పలేదు నాన్నా. నాకే మళ్లీ వినాలి."

ఆయన బూటు కింద పెట్టారు. మళ్లీ పాడారు. బాగానే పాడారు గానీ, ఒక కనుబొమ్మ ఎత్తే ఉంది. పాడుతూ పాడుతూ ఒకసారి నా వైపు, ఒకసారి దాని వైపు చూస్తున్నారు. నమ్మాలని ఉంది, నమ్మకం చిక్కడం లేదు. ఇదంతా నేను పెంచి పోషించిన అనుమానమే కాబట్టి నేను చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు. పద్యం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడిన కాపలాదారు, అయ్యాక, మూసే వేళయింది బయటికి నడవండని చేత్తో చూపించాడు.

గేటు బయట ఐస్‌క్రీం బండి అక్కడే ఉంది. పిస్తా రంగు, నిమ్మ రంగు, గులాబీ రంగు గుట్టలు గుట్టలుగా అద్దాల వెనక చల్లగా కూర్చుని ఉన్నాయి. మా అమ్మాయి ముఖం ఎండకు కందిపోయి ఉంది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఆయన పర్సు తీశారు. పొద్దుటినుంచీ అడుగుతున్నావు కదమ్మా, ఏది కావాలి, రెండు తీసుకో అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఇందాక విన్న వన్స్ మోర్ నిజమైనదో కాదో ఆ బండి దగ్గర తేలిపోతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

దానికీ తెలుసు. కార్ పార్కింగ్‌లో ఆ రోజు వాళ్ల నాన్న మొహం చూసింది అదీ కదా. అది బండి వైపు చూసింది, గుటక వేసింది, వాళ్ల నాన్న వైపు చూసింది.

"నాకొద్దు నాన్నా," అంది.

నిజంగా వద్దా అని ఆయన మళ్లీ అడిగారు. వద్దని తల ఊపి, సీసాలో ఎండకు వేడెక్కిన నీళ్లు మొత్తం తాగేసి, బస్‌స్టాప్ వైపు నడిచింది. ఆయన పర్సు జేబులో పెట్టుకున్నారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, తుడవాల్సింది అద్దాలు కాకపోయినా. తర్వాత దాని పక్కకు వెళ్లి నిలబడి, బస్సు కోసం ఎదురుచూస్తున్న ఇటలీ వాళ్లందరి మధ్యా, చెయ్యి చెవికి ఆనించుకోకుండానే, రాగం అందుకున్నారు.

నేను మాత్రం పిస్తా ఐస్‌క్రీం కొనుక్కుని తిన్నాను. నేను వన్స్ మోర్ అనలేదు కదా.